గట్టు మీద నిలబడితే ఈత రాదు

సిద్ధాంతం అనే మాట పల్లెలో ఒకసారి పలికి చూడండి. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన తువ్వాలు దులుపుకుంటాడు. వెనక ఉన్న అక్కలు పొయ్యి మీద అన్నం గుర్తొచ్చి లేస్తారు. కుర్రోళ్లు సెల్లు తీస్తారు. చెప్పేవాడు మాత్రం చెప్తూనే ఉంటాడు. ఉత్పత్తి సంబంధాలు, భావజాల ఆధిపత్యం, అస్తిత్వ చైతన్యం... గంటన్నర అయ్యాక "ప్రశ్నలేమన్నా ఉంటే అడగండి" అంటాడు. ఎవరూ నోరు విప్పరు. మనవాళ్లకింకా చైతన్యం రాలేదని బాధపడుతూ ఆఖరి బస్సుకు వెళ్లిపోతాడు.

చైతన్యం రానిది ఎవరికి? అదే రాత్రి వేపచెట్టు కింద అరుగు మీద ఏం మాటలు నడుస్తున్నాయో విన్నామా? మిరప కోతకు మగోళ్లకెంత, ఆడోళ్లకెంత. పక్కింటి పిల్ల కట్నం బాకీ తీరక పుట్టింటికొచ్చి ఎన్నాళ్లయింది. బళ్లో ఎవరి పిల్లల్ని ఊడ్చమన్నారు. కొత్తగా ఉద్యోగమొచ్చిన అబ్బాయి టౌన్లో ఇల్లు అద్దెకు అడిగితే ఏం కులమని అడిగి ఎట్టా తిప్పి పంపారు. ఉపన్యాసంలో గంటన్నర నలిగిన సంగతులే ఇవన్నీ. అతని మాటల్లో మనుషులు లేరు. వీళ్ల మాటల్లో పుస్తకం లేదు.

ఈ రెండు మాటల మధ్య దారి వేయడం ఎట్టా? ఇదే మేము చర్చకు పెడుతున్న ప్రశ్న. ఉపాధ్యాయులం, సంఘం కార్యకర్తలం కలిసి పల్లెల్లో రాత్రి తరగతులు నడుపుతున్న అనుభవం నుంచి చెబుతున్నాం. మా మాట సూటిగా ఇది: సిద్ధాంతం అప్పజెప్పడానికి కాదు, మన సంగతులు మనం మాట్లాడుకోవడం మొదలుపెట్టడానికి పనికి రావాలి. ఆ మాట పెళ్లి దగ్గర మొదలై పొలానికి పోనీ, పొలం నుంచి పడకటింటికి పోనీ, అక్కణ్ణుంచి సంఘం ఆఫీసులోకి రానీ. ఆపొద్దు.

సాగర్ కాలవలో ఈత నేర్చుకున్న ప్రతి పిల్లోడికీ ఈ సంగతి తెలుసు. దూకాలంటే గట్టు కావాలి. గట్టు మీదే నిలబడి దాని పొడవెంత, వెడల్పెంత అని లెక్కలు కడితే ఈత రాదు.

మన తరగతులు చాలా చోట్ల గట్టు మీదే ఆగిపోతున్నాయి. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత పల్లెపల్లెకూ చదువు తరగతులు పోయాయి. ఇప్పుడు వాటిల్లో ఎన్ని నడుస్తున్నాయి? ఎంతమంది ఆడవాళ్లు కూర్చుంటున్నారు? కూర్చున్నవాళ్లలో ఎంతమంది మాట్లాడుతున్నారు? కార్యకర్తలు గుండె మీద చెయ్యేసుకుని లెక్క చెప్పుకోవాలి.

సిద్ధాంతం ఎవరి సొత్తు?

గోపాల్ గురు 2002లో ఒక వ్యాసం రాశాడు. మన దేశంలో సమాజశాస్త్రాల లోపల కూడా కులం పనిచేస్తున్నదని ఆయన వాదన. ఆలోచించి సూత్రం చెప్పే పని పైకులాల మేధావులది. బతుకు వివరాలు మోసుకొచ్చే పని కింది కులాలది. చదువులో కూడా ఒక బ్రాహ్మడు, ఒక శూద్రుడు తయారయ్యారన్నమాట.

మనకిది కొత్తా? పొలంలో అట్టాగే గదా! పంట తీసేది మనం, లెక్క రాసేది వాళ్లు. పరిశోధన పేరుతో పల్లెకొస్తారు. మీ కులవృత్తి ఏంది, రోజుకెన్ని పూటలు తింటారు, మీ మీద దాడి జరిగినప్పుడు మీకేమనిపించింది అని అడుగుతారు. మనవాళ్లు మంచమేసి, టీ పెట్టి, కన్నీళ్లు పెట్టుకుని మరీ చెబుతారు. రెండేళ్లకు ఇంగ్లీషులో ఒక లావుపాటి పుస్తకమొస్తుంది. అందులో మన ఏడుపు ఉంటుంది. మన ఆలోచన ఉండదు.

అందుకని సిద్ధాంతాలన్నీ వాళ్లవే, మనకొద్దు అందామా? కొంతమంది కుర్రోళ్లు ఈ మధ్య అదే అంటున్నారు. మా అనుభవమే మాకు చాలు అంటున్నారు. ఈ మాట వినడానికి బాగానే ఉంటుంది. కానీ మనల్ని చదువుకు దూరంగా పెట్టినవాడు కోరుకున్నదీ ఇదే గదా. సూత్రం వాడి దగ్గరుండాలి, గాయం మన దగ్గరుండాలి!

అంబేద్కర్ ఏం చేశాడో చూడండి. 1916 మే 9న న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో, గోల్డెన్‌వైజర్ అనే ఆచార్యుడి సెమినార్‌లో, భారతదేశంలో కులాల గురించి ఒక పత్రం చదివాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. సెనార్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేత్కర్ అనే నలుగురు పండితులు కులానికి చెప్పిన నిర్వచనాలను ముందు పెట్టుకున్నాడు. ఒక్కొక్కటి తీసుకుని ఎక్కడ సరిపోయిందో, ఎక్కడ తప్పిందో తేల్చాడు. వాటిని చూసి భయపడలేదు, దండం పెట్టలేదు, అవతల పారేయనూ లేదు. మెట్టుగా వాడుకున్నాడు. అంటరాని ఇంట్లో పుట్టిన ఒక విద్యార్థి అట్టా వాడుకోగలిగితే మన పల్లె ఎందుకు వాడుకోలేదు?

ఒక్క మాట ఎంత దూరం పోయింది

ఆ పత్రంలో అంబేద్కర్ చెప్పిన అసలు సంగతి తేలిక మాటల్లో ఇది. కులానికి ప్రాణం కులం లోపలే పెళ్లి చేసుకోవడంలో ఉంది. ఆ కంచె నిలవాలంటే గుంపులో ఆడా మగా లెక్క సరిపోవాలి. మొగుడు చచ్చిన ఆడమనిషి బయటి కులంవాణ్ణి చేసుకుంటే కంచె తెగుతుంది. లోపలివాణ్ణి చేసుకుంటే ఇంకో పిల్లకు పిల్లోడు తక్కువ పడతాడు. అందుకే సతి, అందుకే వితంతువుకు మళ్లీ పెళ్లి లేకపోవడం, అందుకే పసిపిల్లల పెళ్లిళ్లు. ఈ కట్టుబాట్లు పైన మొదలై కిందికి ఎట్టా పాకాయి? అనుకరణ వల్ల అన్నాడు. ఫ్రాన్సు దేశపు పండితుడు గేబ్రియల్ టార్డ్ చెప్పిన అనుకరణ సూత్రాన్ని అక్కడ వాడుకున్నాడు. అనుకరణ పైనుంచి కిందికి పారుతుంది, దగ్గరున్నవాళ్లను ముందు పట్టుకుంటుంది అన్నది ఆ సూత్రం.

ఇంతవరకే చెప్పి, పుస్తకం మూసేసి, మనం ఎవర్ని చూసి ఏమేం నేర్చుకున్నాం అని అడిగాం ఒక పల్లెలో. కాసేపు ఎవరూ పలకలేదు. తర్వాత ఒక పెద్దమ్మ అందుకుంది.

"మా అత్తకు ఓలి ఇచ్చి తెచ్చుకున్నారు నాయనా. నా పెళ్లికి ఇచ్చిందీ లేదు, పుచ్చుకుందీ లేదు. నా కూతురికి మాత్రం ఉన్న అరెకరం అమ్మి కట్నం పోశాం."

మూడు తరాల్లో డబ్బు నడిచే దారి తిరగబడిపోయింది. ఒకనాడు మన ఇళ్లలో పిల్లను చేసుకునేవాడు ఇచ్చుకునేవాడు. ఇయ్యాల పిల్లను కన్నవాడు ఇచ్చుకుంటున్నాడు. ఎవరిళ్లలో చూసి నేర్చుకున్నాం? గుడిలో పెళ్లయినా అంతే, చర్చిలో పెళ్లయినా అంతే. పాస్టరు గారు ప్రార్థన చేసేలోపే కట్నం లెక్క తేలిపోయి ఉంటుంది.

అక్కణ్ణుంచి మాట మారుమనువు మీదికి పోయింది. మా నాయనమ్మకు మారుమనువు చేశారు, ఎవరూ తప్పనలేదు అని ఒక అక్క చెప్పింది. తన చెల్లెలికి ఇరవై ఆరేళ్లకే మొగుడు పోతే, మారుమనువు మాటెత్తగానే చదువుకుని ఉద్యోగం చేస్తున్న అన్నే పరువు పోతుందని అడ్డం పడ్డాడట. పొలం పని చేసుకుని బతికిన ముసలామెకు ఉన్న స్వేచ్ఛ డిగ్రీ చదివిన మనవరాలికి లేదు! చదువు మనకు తెలివినే కాదు, పైకులాల సంకెళ్లను కూడా పరువు పేరుతో ఇంటికి తెచ్చిపెడుతున్నదన్న మాట ఆ రాత్రి బయటికొచ్చింది. ఏ ఉపన్యాసంలో చెబితే అంత లోతుగా దిగేది?

అప్పుడొక కుర్రోడు అడిగాడు.

"సారూ, కులం లోపలే పెళ్లి అన్నదే కులానికి మూలం అన్నాడు గదా అంబేద్కర్. మరి మాల పిల్ల, మాదిగ పిల్లోడు చేసుకుంటే మన పెద్దలు ఒప్పుకున్నారా?"

ఒక్కరూ పలకలేదు.

ఈ మౌనం చిన్నది కాదు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలయింది. వర్గీకరణ చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చేయవచ్చని తీర్పు చెప్పింది. 2025లో తెలంగాణలోనూ ఆంధ్రలోనూ అమల్లోకి వచ్చింది. దాని మీద ఎవరి అభిప్రాయం వారికుంది. ఇక్కడ మేము తీర్పులు చెప్పబోవడం లేదు. కానీ ఈ ముప్పై ఏళ్లలో ఒకే చాప మీద కూర్చున్నవాళ్లు రెండు చాపలు పరుచుకున్నారన్నది ఎవరూ కాదనలేరు. మాల కార్యకర్త, మాదిగ కార్యకర్త ఎదురెదురుగా కూర్చుని మాట మొదలుపెడితే మూడో వాక్యానికే కోపాలొస్తాయి. ఎవరు ఎక్కువ తిన్నారు, ఎవరు మోసం చేశారు అన్న దగ్గరకొచ్చి ఆగిపోతుంది.

ఆ రాత్రి అట్టా ఆగలేదు. ఎందుకంటే మాట మీ కులం, మా కులం అని మొదలవలేదు. 1916 నాటి ఒక పత్రం నుంచి మొదలయింది. కాసేపటికి లంద పక్కన పుట్టి పెరిగిన ఒక పెద్దాయన నోరు విప్పాడు. తంగేడు చెక్క వాసన ఒంటిని పట్టుకుని ఉండేదని, చిన్నప్పుడు బళ్లో తోటి దళిత పిల్లలే దూరం జరిగి కూర్చునేవాళ్లని చెప్పాడు. ఊళ్లోవాడు దూరం పెడితే కోపమొచ్చేది, మనోడు దూరం పెడితే ఏడుపొచ్చేది అన్నాడు. ఆయన చెప్తుంటే అవతలి పల్లె నుంచి వచ్చినవాళ్లు తలొంచుకుని విన్నారు. అడ్డం రాలేదు. కులం పనిని మాత్రమే కాక పనిచేసేవాళ్లనే మెట్లుమెట్లుగా విడదీసిందని అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో వాదించాడు. అది అక్షరాల్లో చాలామంది చదివే ఉన్నారు. ఆ రాత్రి దానికి ఒక మనిషి ముఖం వచ్చింది.

సిద్ధాంతం ఇచ్చే చాటు

కొంతమంది మిత్రులు అడుగుతున్నారు. మన బాధలు మనం మాట్లాడుకోవడానికి మధ్యలో ఈ సిద్ధాంతం ఎందుకు? నేరుగా మాట్లాడుకోవచ్చు గదా?

నేరుగా ఎవరూ మాట్లాడరు. మీ ఇంట్లో కట్నమెంత తీసుకున్నారు అని అడిగి చూడండి. మీ చెల్లెలికి మారుమనువు ఎందుకు చేయలేదు అని అడిగి చూడండి. తగాదా అవుతుంది. నలుగురి ముందు ఇంటి సంగతి చెప్పుకోవాలంటే మనిషికి ఒక చాటు కావాలి. ఎక్కడో ఎవరో రాసిన మాట మీద చర్చ జరుగుతున్నప్పుడు, ఆ మాట నిజమా కాదా చెప్పే వంకతో మనిషి తన సంగతి చెప్పుకోగలడు. సిగ్గు కొంచెం తగ్గుతుంది. తప్పు నా ఒక్కడిదే కాదు, ఇది వందల ఏళ్లుగా ఒక పద్ధతి ప్రకారం నడుస్తున్నదని తెలిసినప్పుడు గుండె బరువు దిగుతుంది. దించుకున్న తల ఎత్తి, ఇట్టా ఎందుకుంది, ఎవరు పెట్టారు అని అడగడం మొదలుపెడుతుంది.

మాటలతో ఏమవుతుంది, భూమి కావాలి, కూలి పెరగాలి అనేవాళ్లూ ఉన్నారు. భూమి కావాలి, కూలీ పెరగాలి. ఎవరు కాదన్నారు? కానీ 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. అక్షరాస్యత తరగతుల వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. సారా వల్ల చితికిపోయిన సంసారం కథ. పాఠం ఎంత? కొద్ది వాక్యాలు. కానీ అక్కడ కూర్చున్న కూలి ఆడవాళ్లు పాఠం దగ్గర ఆగలేదు. ఇది మా ఇంటి కథే అన్నారు. మొగుడి దెబ్బలు, ఆకలి, ఊళ్లో సారా కొట్టు ఎవరిది, పాటదారుడి వెనక ఎవరున్నారు అని మాట సాగింది. దూబగుంటలో ఆడవాళ్లు సారా రాకుండా అడ్డం పడ్డారు. 1992కల్లా జిల్లా అంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా అమ్మకం నిషేధించక ప్రభుత్వానికి తప్పలేదు. దాని తర్వాత వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో ఎత్తేశారు, అది వేరే ద్రోహం. కానీ పలకా బలపం పట్టుకున్న కూలి ఆడవాళ్లు ఒక ప్రభుత్వ ఖజానాను కదిలించారన్నది చరిత్ర. పాఠం రాసినవాళ్లు ఇంత జరుగుద్దని అనుకుని ఉండరు. పాఠం చుట్టూ ఆడవాళ్లు కలిపిన మాట అది.

ఇదే పని బ్రెజిల్ దేశంలో పాలో ఫ్రైరీ చేశాడు. 1963లో ఆంగీకోస్ అనే ఊళ్లో సుమారు 300 మంది కూలీలకు 40 గంటల్లో చదవడం నేర్పే పని పెట్టుకున్నాడు. అక్షరాల పట్టికతో మొదలుపెట్టలేదు. వాళ్ల బతుకులో ఉన్న మాటలు ముందు పెట్టాడు. ఇటుక అనే మాట ఉందనుకోండి. ఇటుక ఎవరు చేస్తారు, ఇల్లు ఎవరు కడతారు, కట్టినవాడు ఎక్కడ పడుకుంటాడు అని మాట్లాడుకున్న తర్వాతే అక్షరాలు. మరుసటి సంవత్సరం, 1964లో, సైన్యం అధికారం లాక్కుంది. ఫ్రైరీని జైల్లో పెట్టింది. ఆయన దేశం వదిలిపోవాల్సి వచ్చింది. ఉత్త మాటలే అయితే తుపాకులున్న సైన్యానికి ఎందుకంత భయం?

పిల్లల బుర్రను ఖాళీ ఖాతాగా చూసి అందులో చదువు జమ వేసే పద్ధతిని ఫ్రైరీ ఎండగట్టాడు. బళ్లో పాఠాలు చెప్పే మాకు ఈ సంగతి బాగా తెలుసు. కానీ మన సంఘాల తరగతుల్లోనూ జరుగుతున్నది అదే జమ పద్ధతి. అంబేద్కర్‌ను కూడా అట్టాగే జమ వేస్తున్నాం. ఏప్రిల్ 14న పూలదండ, ఉపన్యాసం, చప్పట్లు. మర్నాడు ఖాతాలో ఎంత ఉందో ఎవరికీ తెలియదు.

మన మాట సిద్ధాంతాన్ని కూడా నిలదీయాలి

గట్టు మీద నుంచి దూకడం అన్నాం. దూకినవాడు మళ్లీ గట్టెక్కాలి గదా. మాట ఎంత దూరం పోయినా చివరికి పుస్తకం దగ్గరకు తిరిగి రావాలి. నువ్వు చెప్పింది మా బతుకులో సరిపోయిందా లేదా అని అడగాలి. అదే మనం సిద్ధాంతానికి పెట్టే పరీక్ష.

ఎం.ఎన్. శ్రీనివాస్ 1952లో కొడగు ప్రజల మీద రాసిన పుస్తకంలో సంస్కృతీకరణ అనే సూత్రం చెప్పాడు. కింది కులంవాళ్లు మాంసం, మందు మానేసి, పైకులాల ఆచారాలు పాటిస్తే ఒకటి రెండు తరాల్లో మెట్టు పైకెక్కవచ్చునని దాని సారం. కాలేజీల్లో ఇప్పటికీ చెబుతున్నారు. దీన్ని పల్లెలో ముందు పెడితే ఏమన్నారు? మాలదాసరి ఇంట్లో పుట్టిన ఒక చిన్నాయన నవ్వాడు. "మా తాత నామం పెట్టాడు, మాంసం ముట్టలేదు, భాగవతం నోటికొచ్చు. అయినా టీకొట్లో ఆయన గ్లాసు బయట చూరులోనే ఉండేది" అన్నాడు. ఆచారాలు మార్చుకుంటే కొన్ని కులాలకు మెట్టు దొరుకుద్దేమో గానీ, అంటరానివాడికి అసలు నిచ్చెనే వెయ్యలేదు. ఈ సంగతి చెప్పడానికి ఆ చిన్నాయనకు పీహెచ్‌డీ అక్కర్లేకపోయింది. పుస్తకం తన ముందు పెట్టడమే చాలింది.

ఆడవాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. అమెరికాలో కింబర్లే క్రెన్‌షా అనే నల్లజాతి న్యాయశాస్త్ర పండితురాలు 1989లో ఒక వ్యాసం రాసింది. జనరల్ మోటార్స్ కంపెనీ మీద నల్ల ఆడవాళ్లు వేసిన కేసును అందులో ఉదాహరణగా తీసుకుంది. ఆ కంపెనీ ఆడవాళ్లకు పనిచ్చింది, వాళ్లు తెల్లవాళ్లు. నల్లవాళ్లకు పనిచ్చింది, వాళ్లు మగవాళ్లు. కాబట్టి ఆడవాళ్లకు అన్యాయం లేదంటూ, రంగునూ ఆడతనాన్నీ కలిపి చూడబోమంటూ 1976లో కోర్టు వాళ్ల వాదన తోసిపుచ్చింది. నల్ల ఆడమనిషి ఏ లెక్కలోకీ రాలేదు. నాలుగురోడ్ల కూడలిలో నిలబడ్డ మనిషికి ఏ వైపు బండి తగిలిందో చెప్పమంటే ఎట్టా అని క్రెన్‌షా అడిగింది.

నాలుగురోడ్ల కూడలి అనగానే మన అక్కలకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. పొలంలో రైతు చూపు, కూలి దగ్గర మగ కూలితో తేడా, ఇంట్లో మొగుడి చెయ్యి, సంఘం మీటింగులో వెనక వరస. అన్ని వైపుల నుంచీ బండ్లు వస్తున్నాయి. దళిత ఆడవాళ్లు వేరే గొంతుతో మాట్లాడుతున్నారని గోపాల్ గురు 1995లోనే రాశాడు. ఆ గొంతు మన సంఘాల్లో వినబడుతున్నదా? ఒక అక్క అడిగిన మాట ఇది: "ఊరేగింపుకు మేము కావాలి. కోర్టుకు సాక్ష్యానికి మేము కావాలి. స్టేజీ మీద కుర్చీ మాత్రం మాకు వద్దా?" నాయకులారా, సమాధానం చెప్పండి. కూడలి సిద్ధాంతం అమెరికాలో పుట్టింది గానీ, అది మన సంఘం ఆఫీసులోకే వచ్చి నిలబడింది.

అనుమానాలు, జాగ్రత్తలు

సొంత సంగతులు మాట్లాడుకోవడం సిద్ధాంతం కంటే తక్కువ పని అనుకునే మేధావులున్నారు. అంబేద్కర్ అట్టా అనుకోలేదు. కులాల మీద శాస్త్రం రాసిన ఆ చేత్తోనే తన బతుకు సంగతులూ రాసి పెట్టుకున్నాడు. 1901లో తండ్రి దగ్గరకు గోరేగావ్ పోతూ దారిలో అన్నదమ్ములు నీళ్లు దొరకక రాత్రంతా గడిపిన సంగతి, రెట్టింపు డబ్బులిచ్చి బండి తామే తోలుకున్న సంగతి అందులో ఉన్నాయి. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' పేరుతో 1990లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ దాన్ని అచ్చేసింది. తొమ్మిది పదేళ్ల పిల్లాడి దాహం, పాతికేళ్ల విద్యార్థి పత్రం వేరువేరు కావు.

ఇంటి గుట్టు రచ్చకెక్కుద్దన్న భయం మాత్రం నిజమైనది. ఒకామె చెప్పుకున్న బాధ మర్నాడు బోరింగు దగ్గర ఎగతాళి అయితే ఆమె మళ్లీ తరగతికి రాదు. ఆమెను చూసి ఇంకో పదిమంది రారు. అందుకని మేము కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. నచ్చితే మీరూ పాటించండి, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

రాత్రికి ఒక్క మాటే తీసుకోండి. పది నిమిషాల్లో తేట తెలుగులో చెప్పండి. చెప్పడం చేతకాకపోతే ఆ మాట మనకే సరిగా అర్థం కాలేదని లెక్క. ఇంకోసారి చదువుకుని రావాలి.

పుస్తకం తెచ్చినవాడు ముందు తన ఇంటి సంగతి చెప్పాలి. తాను కట్నం తీసుకున్నాడా, తన ఇంట్లో గిన్నెలు ఎవరు తోముతారు, తాను కులం దాచిపెట్టి ఇల్లు అద్దెకు తీసుకున్నాడా. తన గుట్టు విప్పకుండా ఎదుటివాళ్ల గుట్టు అడిగేవాడికీ, రెండేళ్లకు పుస్తకం అచ్చేసుకునే పరిశోధకుడికీ తేడా లేదు.

సెల్లులో రికార్డు చేయొద్దు, ఫొటోలొద్దు. చెప్పినవాళ్ల పేర్లు బయట ఎక్కడా పలకొద్దు. ప్రశ్నలు మాత్రం కాగితం మీద రాసిపెట్టుకోండి. ఎవరు అడిగారని కాక, ఏం అడిగారని రాయండి. వచ్చే తరగతి ఆ కాగితంతోనే మొదలవాలి.

తరగతి వేళ ఆడవాళ్లను అడిగి పెట్టండి. పొయ్యి వేళకు పెట్టి, ఆడవాళ్లు రావట్లేదని ఏడవడం మోసం. మాల పల్లెలో ఒకసారి, మాదిగ పల్లెలో ఒకసారి పెట్టండి. ఎవరి అరుగు మీదికి ఎవరు రారో చూడండి. ఆ రాని వాళ్ల ఇంటికే ముందు వెళ్లండి.

చివర్లో తీర్పు చెప్పొద్దు. ఉపాధ్యాయులకు ఇది చాలా కష్టం. పాఠం చివర సారాంశం చెప్పకపోతే మాకు నిద్ర పట్టదు. కానీ నలుగురూ ఆలోచిస్తూ ఇంటికి పోతేనే తరగతి సాగినట్టు.

మిత్రులారా, ఈ పక్షం మీ ఊళ్లో ఒక పని చేయండి. కులం లోపలే పెళ్లి అన్నదే కులానికి ప్రాణం అని అంబేద్కర్ 1916లో చెప్పిన సంగతిని పదిమంది ముందు పెట్టండి. రెండు పల్లెల నుంచీ ఐదుగురేసి ఉండాలి. వాళ్లలో సగం ఆడవాళ్లుండాలి. మీ అమ్మమ్మ పెళ్లి ఎట్టా జరిగింది, మీ పెళ్లి ఎట్టా జరిగింది, మీ పిల్లల పెళ్లి ఎట్టా చేయబోతున్నారు అని అడగండి. తర్వాత నోరు మూసుకుని వినండి. మాట ఎక్కడికి పోతే అక్కడికి వెంట నడవండి. చివర్లో, ఆయన చెప్పింది మన ఇళ్లలో ఎంతవరకు నిజం అని అందరూ కలిసి తేల్చుకోండి. తేలకపోయిన ప్రశ్నలు రాసి పత్రికకు పంపండి. ఊరి పేరు చాలు, మనుషుల పేర్లు వద్దు. ఎంత కరకు ప్రశ్నలైనా సరే, వచ్చే సంచికలో వాటితోనే మళ్లీ కలుద్దాం.

జై భీమ్.